పాల ఎలర్జీ ఉంటే ఏ ప్రొటీన్ పౌడర్? డబ్బా మీద పచ్చ చుక్క చాలదు

ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి భిలాయి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు రెండో, మూడో తరం నడుస్తోంది. ఈ తరం కుర్రాళ్లు జిమ్‌లో చేరగానే వినే మొదటి మాట ‘వే ప్రొటీన్’. పాలు పడనివారికి అక్కడే చిక్కు.

‘పాలు పడవు’ అనడానికి రెండు అర్థాలున్నాయి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరక్క కడుపు ఉబ్బరించడం, విరేచనాలు కావడం ఒకటి. అలాంటివారిలో చాలామందికి లాక్టోజ్ దాదాపుగా తీసేసిన వే ఐసొలేట్ సరిపోతుంది. ఎలర్జీ వేరు. అక్కడ శరీరం ఎదురుతిరిగేది కేసీన్, వే వంటి పాల ప్రొటీన్ల మీదే. ఐసొలేట్‌లో ఉండేదే ఆ ప్రొటీన్, అదీ మరింత చిక్కగా. ‘లాక్టోజ్ ఫ్రీ’ అన్న మాట నమ్మి ఎలర్జీ ఉన్నవారు ఒక స్కూప్ తాగితే దద్దుర్లతో పోకపోవచ్చు. గొంతు వాచి, ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు వెంటనే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పడాలి, ఆసుపత్రికి చేరాలి. సెట్రిజిన్ మాత్ర వేసుకుని చూద్దామంటే కుదరదు.

పచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. మన లెక్కలో పాలూ శాకాహారమే. 2022 నిబంధనలతో వచ్చిన వీగన్ గుర్తు కొంత నయం. అయినా అదే ఫ్యాక్టరీలో వే కూడా తయారైతే పాల ఆనవాళ్లు చేరవచ్చు. అందుకే ‘మే కంటెయిన్ మిల్క్’ అన్న చిన్న అక్షరాలు చదవాల్సిందే. జిమ్‌లో విడిగా అమ్మే పొడి, పక్కవాడి షేకర్ జోలికి అసలు పోకూడదు.

బఠాణీ ప్రొటీన్‌లో మెథియోనిన్, బియ్యం ప్రొటీన్‌లో లైసిన్ తక్కువ. రెండూ కలిపిన పొడి మేలు. వేరుశనగ ఎలర్జీ కూడా ఉంటే బఠాణీకి ముందు డాక్టరును అడగాలి. గుడ్డు పడేవారికి ఎగ్‌వైట్ పొడి ఉంది.

అసలు డబ్బా అవసరమా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. బరువులెత్తేవారికి క్రీడా పోషణ నిపుణులు చెప్పే లెక్క కిలో బరువుకు 1.4 నుంచి 2 గ్రాములు. 70 కిలోల మనిషికి కనీసం 98 గ్రాములన్నమాట. భిలాయి కిరాణా కొట్లలో సోయా బడీ పేరుతో దొరికే మీల్ మేకర్ 50 గ్రాములు వండుకుంటే సుమారు 25 గ్రాములు, నాలుగు గుడ్లతో మరో 24 వస్తాయి. మిగతాది పప్పు, చికెన్, చేపలతో పూడుతుంది. శనగ సత్తు కూడా మంచిదే, మజ్జిగలో కాకుండా నిమ్మరసం పిండిన నీళ్లలో కలుపుకుంటే.