ఫోనులో పరిశుద్ధ గ్రంథము, ప్రాచీన గ్రంథములు: యాప్‌ను ఎంచుకొనుట ఎట్లు?

ప్రసంగము సిద్ధపరచుటకైనను, పరిశోధన వ్యాసము వ్రాయుటకైనను నేడు అనేకులు మొదట తెరచునది చేతిలోని ఫోనునే. 2008 జూలైలో యాపిల్ సంస్థ యాప్ స్టోరును ప్రారంభించినప్పుడే యూవర్షన్ బైబిలు అందులో ఉచితముగా లభించినది. అప్పటినుండి ఇట్టి యాప్‌లు విస్తారముగా పెరిగినవి. అక్షరముల అందము, ఆడియో సౌకర్యము చూచి ఎంచుకొనువారు ఎక్కువ. వేదాంత విద్యార్థులు వీటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నదని మేము తలంచుచున్నాము: ఈ యాప్‌లో ఉన్నది ఏ అనువాదము, ఏ ముద్రణ?

1. అనువాదము పేరు

మన సంఘములలో ఎక్కువగా చదువబడునది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత అనువాదము. 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ క్రియేటివ్ కామన్స్ అనుమతితో లభించుచున్నది. కనుక ఉచిత యాప్‌లు దానిని చేర్చుకొనుట సులభము. "తెలుగు బైబిలు" అను పేరు మాత్రమే చూచి యాప్‌ను దించుకొన్నచో, వేదికమీద చదివిన మాట సంఘస్థుల చేతిలోని గ్రంథములో కనబడకపోవచ్చును. అనువాదము పేరు, హక్కుదారు, సంవత్సరము ఎక్కడను తెలుపని యాప్‌ను అధ్యయనమునకు వాడరాదు.

2. వచన సంఖ్యలు

హెబ్రీ మూలమును తెలుగుతో ప్రక్కప్రక్కన చూపు యాప్‌ను పరీక్షించుటకు రెండు చోట్లు చాలును. మలాకీ గ్రంథము తెలుగులో 4 అధ్యాయములు, హెబ్రీలో 3. మన 4:1 అక్కడ 3:19. అట్లే 51వ కీర్తన శీర్షికను హెబ్రీ ప్రతులు 2 వచనములుగా లెక్కించును గనుక మన 1వ వచనము అక్కడ 3వది. యాప్ ఈ భేదమును సరిచేయక సంఖ్యకు సంఖ్యను జతపరచినయెడల, విద్యార్థి ఒక వచనమునకు మరియొక వచనపు మూలపదములను వ్యాఖ్యానించును.

3. వెదకు సౌకర్యము

తెలుగులో నామము విభక్తినిబట్టి రూపము మార్చుకొనును. "దేవుడు" అని వెదకినచో "దేవుని", "దేవునికి" అనునవి రావు. "దేవు" అను భాగముతో వెదకనిచ్చు యాప్ మేలు. పూర్తి పదమును మాత్రమే వెదకు యాప్ చూపిన లెక్కనుబట్టి "ఈ పదము ఇన్ని మారులు వచ్చినది" అని వ్రాయుట ప్రమాదకరము.

4. ప్రాచీన గ్రంథములు

ఉచితముగా లభించునవి సామాన్యముగా హక్కుల గడువు తీరిన పాత అనువాదములు. కాల్విన్ ఇన్‌స్టిట్యూట్స్‌కు హెన్రీ బెవరిడ్జ్ ఆంగ్లానువాదము 1845 నాటిది. పండితులు తరచుగా ఉదాహరించు ఫోర్డ్ లూయిస్ బాటిల్స్ అనువాదము 1960 నాటిది. మన సాహిత్యములోను ఇదే చిక్కు. గురజాడ కన్యాశుల్కము 1897లో అచ్చయినది. 1909లో ఆయనయే దానిని చాలవరకు తిరిగి వ్రాసిరి. ముద్రణ తెలుపని ప్రతిలో మనము చదువునది ఏ నాటకమో నిశ్చయముగా చెప్పలేము. తెలుగు వికీసోర్స్‌లో అనేక గ్రంథములకు అచ్చు పుట చిత్రము, పాఠము ప్రక్కప్రక్కన ఉండుటవలన పోల్చి చూచుకొనుట సాధ్యము.

ఫోనులో అక్షరముల పరిమాణము మార్చినప్పుడు పుటలును మారవచ్చును. కనుక పుట సంఖ్యకు బదులు భాగము, అధ్యాయము, విభాగము పేర్కొనవలెను.

5. నెట్ లేనప్పుడు

ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడులో పెట్టి యాప్‌ను తెరచి చూడవలెను. గ్రామ పరిచర్యకు వెళ్లువారికి ఈ పరీక్ష ముఖ్యము. ఆండ్‌బైబిల్ వంటి ఉచిత యాప్‌లో ఒకసారి దించుకొన్న గ్రంథములు నెట్ లేకయే తెరచుకొనును. మనము వ్రాసికొన్న గమనికలను వేరొక ఫైలుగా బయటకు తీసికొను వీలున్నదో లేదో కూడ ముందే చూడవలెను. లేనియెడల ఫోనుతోపాటు కొన్ని సంవత్సరముల అధ్యయనము పోవచ్చును.

ఈ అయిదు పరీక్షలకు అరగంట చాలును. ఆరాధనలో చదువుటకు సంఘము వాడు అనువాదముగల యాప్ ఒకటి, అధ్యయనమునకు మూలభాషలుగల యాప్ మరియొకటి ఉంచుకొనుట మంచిది. వ్యాసములో ఉదాహరించు ప్రతి వాక్యమును మాత్రము సమర్పించుటకు ముందు అచ్చు ప్రతితో సరిచూచుకొనవలెనని విద్యార్థులకు మా మనవి.