కోడి నెత్తురు చెప్పు సాక్ష్యము

వైశాఖము ముదిరి రోహిణికార్తె సమీపించునప్పటికి గుత్తికోట బండలు పగలెల్ల కాగి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట కూడ వేడిని వెళ్ళగ్రక్కుచుండును. ఆ దినములలో గుత్తి పరిసరములందలి ఏ పల్లెకు పోయినను, మధ్యాహ్నవేళ గోడనీడను చేరిన కోళ్ళు ఒకే తీరున కనబడును. ముక్కు తెరచి, గొంతు అదరుచుండగా, రెక్కలను ఒడలికి ఎడముగ వ్రేలవైచి నిలుచును. గింజలు చల్లినను కదలవు. ఇల్లాలు చూచి, మూకుడుతో నీరు పెట్టును. కోడి బాధపడుచున్నదని తెలిసికొనుటకు ఆమెకు శాస్త్రము అక్కరలేదు. కాని ఎంత బాధ? నిన్నటికంటె నేడెక్కువయా? పెరటిలోని నాటుకోడి ఎక్కువ బాధపడుచున్నదా, షెడ్డులోని ఫారముకోడియా? ఇట్టి ప్రశ్నలకు కన్ను చాలదు, కొలత కావలెను.

తెలుగువారు కోడిని పరికించి చూడనివారు కారు. ఈకల రంగులనుబట్టి కాకి, డేగ, నెమలి, పింగళ యని పుంజులను విభజించి, ఏది ఏ దినమున గెలుచునో చెప్పుటకు కుక్కుటశాస్త్రమునే కల్పించుకొనిరి. అది పందెగాండ్ర శాస్త్రము. గోడనీడను రొప్పుచున్న పెట్టను గూర్చి తెలిసికొనగోరువారు ఈకలను విడిచి నెత్తురును చూడవలసివచ్చెను.

మనకు చెమట పట్టును. కోడికి స్వేదగ్రంథులు లేవు. దాని ఒడలి వేడి ఆరోగ్యదశలోనే సుమారు 41 డిగ్రీల సెంటిగ్రేడు. మనుష్యునికైనచో అది తీవ్రజ్వరము. బయటిగాలి ఆ వేడిని సమీపించిన కొలది, ఒడలు చల్లార్చుకొనుటకు కోడికి మిగులు ముఖ్యోపాయము రొప్పుటయే. రొప్పునపుడు ఊపిరితో తేమ మాత్రమే కాదు, బొగ్గుపులుసుగాలియు మితిమీరి వెడలిపోవును. అందుచే రక్తము క్షారగుణము వైపు మొగ్గును. గుడ్డుపెంకు చాలవరకు కాల్షియం కార్బొనేటు, అనగా సుద్దముక్కలోని పదార్థమే. దానిని కట్టుటకు వలసిన సరకు రక్తమున తరుగుటచే వేసవిగుడ్లు పలుచని పెంకుతో వెలువడి, ఎత్తునపుడే చిట్లును. 1985లో అమెరికాయందు కొందరు పరిశోధకులు వేడిలో నుంచిన పెట్టలచేత సోడానీరు త్రాగించి, పెంకు మెరుగుపడుట గమనించిరి. గోలీసోడా మనుష్యులకే యనుకొనువారికి ఇది వింతగా తోచును గాని, అందు నింపబడినది కోడి పోగొట్టుకొన్న ఆ గాలియే గదా!

ఇది వేడికి సంబంధించిన మార్పు. ఆకలి, భయము, ఇరుకు, లారీప్రయాణము, తోటికోళ్ళ పోట్లు, ఇట్లు బాధలు పెక్కులు. కారణములు వేరైనను దేహము వానికి చాలవరకు ఒకే తీరున స్పందించునని 1936లో హాన్స్ సెల్యే ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించెను. ఆయన పరీక్షించినవి ఎలుకలు. పక్షులలో ఈ పని చేయునది అడ్రినల్ గ్రంథులనుండి వెలువడు కార్టికోస్టిరోన్ అను రసము. మనుష్యులలో ముఖ్యముగ కార్టిసోల్. ఇది రక్తమున కలియగానే దాచుకొన్న ఆహారము చక్కెరగా మారి కండలకును మెదడునకును అందును. పెరుగుట, గుడ్డు పెట్టుట, రోగముతో పోరాడుట వెనుకబడును. గండము కొలదిసేపటిదైనచో ఇది మేలే. దినముల తరబడి సాగినచో కోడి చిక్కును, రోగములు సులువుగా సోకును.

అట్లైన ఈ రసమునే కొలిచిన సరిపోదా? ఇక్కడనే చిక్కు గలదు. కోడిని పట్టుకొనుటయే దానికి గొప్ప భయము. పట్టిన రెండు మూడు నిమిషములలోనే రక్తమున కార్టికోస్టిరోన్ పెరుగ నారంభించును. ఆలోపల రెక్కక్రింది రక్తనాళమునకు సూది గ్రుచ్చి రక్తము తీయలేనిచో, కొలువబడునది ఎండబాధయో పట్టినవాని బాధయో తెలియదు. త్రాసుపై తూచువాని చేయి కూడ పడినట్లగును. షెడ్డులో మొదటి కోడిని పట్టినప్పటి కలకలము ఇరువదవ కోడి చెవిని పడకుండునా?

అందుచే ఇంతకంటె నింపాదియైన సాక్షి కావలసివచ్చెను. కోడి తెల్లరక్తకణములలో రెండు జాతులు ముఖ్యములు. హెటిరోఫిల్ అనునది మన న్యూట్రోఫిల్ వంటిది. రంగు పట్టించి చూచినచో దానియందు ఇటుకరంగు కదురుల వంటి రేణువులు కనబడును. లింఫోసైట్ గుండ్రనిది, దాని కేంద్రకము కణమునెల్ల ఆక్రమించును. కోడి బాధకు లోనైన కొన్ని గంటలకు మొదటివి పెరుగును, రెండవవి తగ్గును; ఆ మార్పు త్వరగ చెరగదు. కోడిని పట్టిన రెండు నిమిషముల అలజడి దీనిని అంతగా కదల్పలేదు. 1983లో గ్రాస్, సీగెల్ అను అమెరికా పరిశోధకులు ఈ రెంటి నిష్పత్తియే కోడి ఒత్తిడికి నమ్మదగిన కొలతయని చూపిరి. నిష్పత్తి 0.2 అయినచో ఒత్తిడి తక్కువ, 0.5 మధ్యమము, 0.8 ఎక్కువ యని పిమ్మట ఒక కొలబద్ద ఏర్పడెను.

లెక్క పాఠశాల బాలునికి సాధ్యమైనదే. గాజుపలకపై రక్తపుబొట్టును పలుచగా పరచి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో నూరు తెల్లకణములను ఎంచవలెను. అందు 24 హెటిరోఫిల్‌లు, 60 లింఫోసైట్‌లు ఉన్నవనుకొన్నచో నిష్పత్తి 0.4. మనుష్యరక్తమును క్షణములో లెక్కించు యంత్రములు కోడిరక్తము వద్ద తడబడును. మన ఎర్రకణములకు కేంద్రకము లేదు, కోడి ఎర్రకణములకు కలదు; యంత్రము వానిని తెల్లకణములని భ్రమించును. కావున నేటికిని కంటితో ఎంచుటయే నమ్మకము.

ఇట్టి సాక్షియు తప్పు చెప్పకపోదు. సూక్ష్మజీవులవలన కలుగు రోగములందును హెటిరోఫిల్‌లు పెరుగును. జాతినిబట్టి, వయస్సునుబట్టి నిష్పత్తి మారును. అన్నిటికంటె మోసకరమైనది మరొకటి: బాధ ప్రాణాంతకమైనపుడు హెటిరోఫిల్‌లు పెరుగుటకు మారు తరిగిపోవచ్చునని 1993లో మాక్స్‌వెల్ తన సమీక్షలో తెలిపెను. అనగా చావునకు దగ్గరయైన కోడి, అంకెనుబట్టి చూచినచో కులాసాగా నుండవచ్చును! ఇక కార్టికోస్టిరోన్ సంగతి మరియు విచిత్రము. భయమునకే కాదు, పెట్టతో కలిసినపుడు పుంజునకును అది పెరుగగలదు. దేహము మేల్కొన్నదని నెత్తురు చెప్పును. దుఃఖముచేతనో ఉత్సాహముచేతనో చెప్పదు. అందుచే ఒక్క కోడి అంకెను పట్టుకొని తీర్పు చెప్పుట తగదు. ఒకే జాతి, ఒకే వయస్సు గల రెండు గుంపులను పోల్చి, వాని నడవడిని, మేతను, చావులను గూడ చూచుకొనవలెను.

తెలుగునాట ఇది ఊరక తెలిసికొను సంగతి కాదు. 2022–23లో దేశమున ఉత్పత్తియైన సుమారు 13,838 కోట్ల గుడ్లలో ఐదవ వంతు ఆంధ్రప్రదేశ్‌దే. అనంతపురపు మెట్టలలో వాన తప్పిన యేట వేరుసెనగ చేను ఎండినను, పెరటికోడి ఆ ఇంటికి చేతిఖర్చు. హైదరాబాదు రాజేంద్రనగరమున 1988లో నెలకొన్న కుక్కుట పరిశోధన సంస్థ పెరటిపెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను కోళ్ళను రూపొందించినది. మెడపై ఈకలుండని బోసిమెడ కోళ్ళు మన వేడిని ఎట్లు తట్టుకొనునో తెలియుటకు వాని రోగనిరోధకశక్తిని, రక్తరసమును ఆ సంస్థ శాస్త్రజ్ఞులే పరీక్షించి 2010లో ఫలితములు ప్రకటించిరి. కప్పుపై సున్నము కొట్టుట మేలా, నీటితుంపరలు చల్లుట మేలా, షెడ్డులో కోళ్ళసంఖ్య తగ్గించుట మేలా యని తేల్చుకొనుటకును ఈ నిష్పత్తి తోడ్పడగలదు.

గుడ్లు పెట్టుచున్నది గావున కోడి సుఖముగనే యున్నదని పెంపకందారులు తరచుగ వాదింతురు. గుడ్ల లెక్క తగ్గకున్నను ఒత్తిడి ఉండవచ్చునని నెత్తురు చూపగలదు. అట్లని ఇనుపబోనులకు విరుద్ధముగ ఇది తిరుగులేని ప్రమాణమును కాదు. బోనుకోళ్ళను నేలకోళ్ళను పోల్చిన పరీక్షలలో ఫలితము ఒక్క తీరున లేదు. ఫారముకోళ్ళ పెంపకమును గూర్చి 2017లో భారత లా కమిషన్ తన 269వ నివేదికలో విచారించినది. రెక్క చాచుటకైన చోటులేని బ్రతుకు న్యాయమా యనునది సూక్ష్మదర్శినిలో కనబడు సంగతి కాదు. దానిని మనుష్యులే తేల్చుకొనవలెను.

కోడిని బెదరింపక, సూది గ్రుచ్చక కొలుచు మార్గమును గూడ శాస్త్రజ్ఞులు అన్వేషించుచున్నారు. పక్షి ఈక పెరుగుచున్నపుడు రక్తములోని కార్టికోస్టిరోన్ కొంత అందు చేరి నిలిచిపోవును. 2008లో ఈ విషయమును కౌజుపిట్టల బంధువులైన ఒక జాతి పక్షులలో నిరూపించిరి. ఈక ఎదుగుటకు వారములు పట్టును గావున అందు ఒక్క క్షణపు భయము గాక, ఆ వారములన్నిటి ఒత్తిడియు కూడియుండును.