బావి నీటిలో పురుగుమందు: కాచినా పోని విషం

"నీళ్లు కాచుకునే తాగుతున్నామండీ, ఇంకా భయమెందుకు?" అని మా ఆసుపత్రికి వచ్చేవారు అంటూ ఉంటారు. కాచి తాగడం మంచి అలవాటే. టైఫాయిడ్, కలరా, కామెర్లు తెచ్చే క్రిములు మరిగే నీటిలో చనిపోతాయి. కానీ పురుగుమందు క్రిమి కాదు, రసాయనం. కాచినంత మాత్రాన అది పోతుందని నమ్మడానికి లేదు. రంగు, వాసన, రుచిని బట్టి దానిని కనిపెట్టలేము.

మన చోడవరం చుట్టూ చెరకు తోటలు, వరి పొలాలే. మందు కొట్టిన మర్నాడు వాన పడితే ఆ నీరు కాలువల్లోకి, గెడ్డల్లోకి చేరుతుంది. కొంత నేలలోకి ఇంకి బావులకు చేరవచ్చు.

2020 డిసెంబరు 5 నుండి ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. ఎయిమ్స్, నీరి మొదలైన సంస్థలు రోగుల రక్తాన్ని, నీటిని, కూరగాయలను పరీక్షించాయి. పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణం కావచ్చని డిసెంబరు 16న ప్రభుత్వం తెలిపింది. అవి ఒంట్లోకి ఎలా చేరాయో మాత్రం అప్పటికి తేలలేదు.

ఎలా కనిపెడతారు?

మామూలు నీటి పరీక్షలో ఉప్పు, ఫ్లోరైడు, క్రిములు తెలుస్తాయి గాని పురుగుమందు తెలియదు. దానికి ప్రత్యేక పరీక్ష కావాలి. నీటిని శుభ్రమైన గాజు సీసాలో పట్టి, చల్లగా ఉంచి, త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ నీటిలోని మందును వేరుచేసి, చిక్కబరచి, క్రొమటోగ్రాఫ్ యంత్రంతో ఏ మందు ఎంత ఉందో తేలుస్తారు. సీసాలలో అమ్మే తాగునీటిలో ఏ ఒక్క మందూ లీటరుకు 0.1 మైక్రోగ్రాము మించరాదని మన దేశపు ప్రమాణం. అంటే కోటి లీటర్లలో, దాదాపు వెయ్యి ట్యాంకర్ల నీటిలో, ఒక్క గ్రాము!

నష్టం మనకు మాత్రమే కాదు. గెడ్డలో చేపలు, కప్పలు, తూనీగ పిల్లలు చస్తాయి. దోమ పిల్లలను తినేవి అవే కనుక దోమలు పెరుగుతాయి. కొన్ని మందులు ఏళ్ల తరబడి మట్టిలో ఉండిపోయి, చేపల కొవ్వులో పేరుకుంటాయి. అలాంటి ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది.

మనం చేయగలిగినవి

• స్ప్రేయరును బావి దగ్గర, చెరువులో, గెడ్డలో కడగవద్దు.
• ఖాళీ డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోయండి. డబ్బాకు చిల్లులు పొడవండి. అందులో నీళ్లు, నూనె పట్టవద్దు.
• వాన వచ్చేలా ఉంటే మందు కొట్టవద్దు, గుళికలు చల్లవద్దు.
• బావిలో మందు పడిందని అనుమానం వస్తే ఆ నీరు వాడడం వెంటనే ఆపి, గ్రామీణ నీటి సరఫరా అధికారులకు తెలపండి.
• మందు కొట్టాక విపరీతమైన చెమట, నోటి వెంట చొంగ, చూపు మసక, ఆయాసం కనిపిస్తే తడిసిన బట్టలు తీసివేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మందు మింగినవారికి వాంతి చేయించవద్దు. డబ్బా మీది చీటీ కూడా తెండి. ఏ మందో తెలిస్తే వైద్యం త్వరగా మొదలుపెట్టగలం.

మన పొలం గట్టు దాటిన నీరు పక్కింటివారి బావికి చేరుతుంది. నీటిలో కలిసిన మందును తీయడం కష్టం, ఖర్చు. కలవకుండా చూసుకోవడం మన చేతిలో పని.