‘రాళ్లు కొట్టుకో’ అనే తిట్టులోని కులం

చదువు అబ్బని పిల్లవాడిని ‘పోయి రాళ్లు కొట్టుకో’ అని మందలించడం మన ఇళ్లల్లో, బడుల్లో నేటికీ వినిపించే మాటే. ఆ మాటలో ఒక కులం దాగి ఉందన్న ఎరుక అనేవారికి ఉండదు. వడ్డెర ఇంటి నుంచి వచ్చిన విద్యార్థికి మాత్రం అది తన తాత చేసిన పని.

బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం సభల్లో శ్రమకు విలువ కావాలన్న మాట ఎన్నోసార్లు విన్నాను. శ్రమలో విద్య ఉందన్న మాట విన్నది తక్కువ. ఆ సభల నుంచి అశోక్ నగర్ వైపు నడిస్తే, పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకున్న యువకులు ఎదురవుతారు. వారు ఆనుకుని టీ తాగే పాత ప్రహరీలను ఒకసారి పరికించి చూడాలని నా కోరిక.

రాయి కొట్టడం కండబలంతో అయ్యే పని కాదు. హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అది ఏ వాలున చీలుతుందో ముందు కన్ను పట్టుకోవాలి. ఆ గీత వెంట వరుసగా గుంటలు తొలిచి, చీలలు దించి, ఒక్కొక్కదానిపై సమానంగా సమ్మెట దెబ్బ వేస్తూ పోవాలి. దెబ్బ శబ్దం మారగానే ఆగాలి. ఇక గోడ కట్టడం మరో విద్య. పై వరుస రాయి కింది రెండు రాళ్ల అతుకును కప్పాలి. గోడకు రెండు ముఖాలుంటాయి. వాటిని కలిపి పట్టేందుకు అక్కడక్కడా గోడ మందమంతా సాగే పొడవు రాళ్లు వేయాలి. నడుమ ఖాళీలను సున్నంతో కాక చిన్న రాళ్లతో బిగించాలి. ఇవి తప్పితే కొన్ని వానలకే గోడ పొట్ట ఉబ్బుతుంది. భారం, బంధం, నీటి ఒత్తిడి అనే ఈ లెక్కలను కళాశాలలో చెబితే ఇంజనీరింగ్ అంటాం, క్వారీలో చేస్తే కూలి అంటాం.

ఈ తేడా సహజమైనది కాదు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం వడ్డెరలను రాతి పని, మట్టి పని విభాగాలుగా నమోదు చేసింది. బావులు, చెరువు కట్టలు, రహదారులు వారి చేతి పనే. అయినా వారిలోని కొన్ని సంచార సమూహాలపై వలస ప్రభుత్వం ‘నేరస్థ జాతి’ ముద్ర వేసింది. పని ఉన్న చోటికి కదలడమే అనుమానానికి కారణమైంది. 1871లో మొదలైన ఆ చట్టాల పరంపర రద్దయింది 1952లో.

మన సంప్రదాయమూ తక్కువ తినలేదు. రాయిని విగ్రహంగా మలిచినవాడు శిల్పి, శాస్త్రం తెలిసినవాడు. అదే రాయిని కొండ నుంచి వేరు చేసినవాడు అనామకుడు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల 1939లో ప్రారంభమైంది. దాని వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరు మనకు తెలుసు, శంకుస్థాపన చేసిన నిజాం పేరూ తెలుసు. ఆ గులాబీ గ్రానైట్‌ను చీల్చిన ఒక్క మనిషి పేరైనా మన పాఠాల్లో ఉందా?

2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల జాబితా శిల్పిని, రాళ్లు కొట్టేవారిని ఒకే వరుసలో చేర్చింది. మంచిదే. కానీ పనిముట్లు ఇస్తే చాలదు, కొట్టడానికి కొండ కావాలి. యంత్రాలు, పెట్టుబడి గలవారి చేతుల్లోకి క్వారీలు పోయాక వడ్డెరలు ఒకప్పటి తమ పనిచోటనే దినకూలీలయ్యారు. సహకార సంఘాలకు లీజుల్లో వాటా ఇవ్వాలన్నది వారి పాత డిమాండ్. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధే. అయితే హాజరు పట్టీలో పేరే లేని కూలీ పరిహారం ఎలా అడుగుతాడు? కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డ్ కులాల్లో ఉన్నవారే తెలంగాణలో బీసీ-ఏ. రాష్ట్రం సరిహద్దు మారితే దుమ్ము మారదు.

వృత్తి నిపుణులను అధికారిక డిగ్రీలు లేకున్నా బోధనకు తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాలు ఇచ్చింది. అడిగింది 15 ఏళ్ల అనుభవం. ఆ పదవులకు ఎక్కువగా తలుచుకునేది పరిశ్రమాధిపతులను, విశ్రాంత అధికారులను. రాతి కట్టుబడి పాఠం చెప్పడానికి ఒక వడ్డెర మేస్త్రీని పిలిచిన సివిల్ ఇంజనీరింగ్ విభాగం ఏదైనా ఉంటే చెప్పమని తోటి ఆచార్యులను అడుగుతున్నాను.