ఆసులు ముందే లాగేస్తే ఆట మిగలదు

"చేతికొచ్చినవి ముందు లాగెయ్ తమ్ముడూ, తర్వాతి సంగతి తర్వాత." జుబైల్, దమ్మామ్, ఖోబర్‌లలో గురువారం రాత్రి బ్రిడ్జి బల్ల చుట్టూ చేరే మన తెలుగువాళ్ల మధ్య ఈ మాట మంత్రోపదేశంలా తిరుగుతోంది. పండగ శుభాకాంక్షల కన్నా ఎక్కువసార్లు వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయింది. నో-ట్రంప్ కాంట్రాక్టు అంటే తురుపు లేని ఆట కదా, అడ్డేముంది, గెలిచే ముక్కలన్నీ ముందే తీసేసుకుని జేబులో వేసుకో, మిగతా భారం దేవుడిది. ఇదీ ఆ సూత్రం సారాంశం.

ఈ సూత్రాన్ని నమ్మి మొన్న చలికాలంలో మా బల్ల దగ్గర ఒక కుర్రాడు ఒకే రాత్రి నాలుగు 3 నో-ట్రంప్‌లు ఆడి నాలుగూ డౌన్ అయ్యాడు. నాలుగింట్లోనూ పాయింట్లకు లోటు లేదు. అతని పార్ట్‌నర్ ఇప్పుడు రమ్మీ ఆడుకుంటున్నాడు. ఉపదేశం చేసిన పెద్దమనిషి మాత్రం "ముక్కలు కలిసి రాలేదు" అని తేల్చేశాడు. ముక్కలు కలిసొచ్చాయి, తల కలిసి రాలేదు.

అసలు ఆ తర్కమే తలకిందులు. గెలిచే ముక్కను తొందరగా వాడుకోవాలన్న భయం తురుపు ఆటలో ఉండాలి. ఆలస్యం చేస్తే మన ఆసును ఎవడో రెండుతో కోసేస్తాడు. నో-ట్రంప్‌లో కోసేవాడే లేడు. మీ ఆసు మొదటి ట్రిక్కులో ఎంతో, పన్నెండో ట్రిక్కులోనూ అంతే. పైగా చేతిలో ఉన్నంతసేపూ అది రెండు పనులు చేస్తుంది: ఆ రంగులో ఎదుటివాడిని ఆపుతుంది, అవతలి చేతికి వెళ్లడానికి దారి అవుతుంది. లాగేసిన మరుక్షణం రెండూ పోతాయి.

ఆ నాలుగింట్లో ఒక పంపకం ఇది. నా స్కోరు కార్డు వెనక ఇంకా రాసి ఉంది.

డమ్మీ: ఇస్పేటు 7 4; ఆఠీను రాజు 6 3; డైమను రాణి జాకీ 10 9 5; కళావరు ఆసు 8 3.
డిక్లరర్: ఇస్పేటు ఆసు 8 2, ఆఠీను ఆసు రాణి 5, డైమను రాజు 8 4, కళావరు రాజు 9 7 4.

కాంట్రాక్టు 3 నో-ట్రంప్. రెండు చేతుల్లో కలిపి 26 పాయింట్లు. ఎడమవైపు ఆటగాడు ఇస్పేటు రాజు వేశాడు. డమ్మీ దిగీ దిగకముందే మనవాడు ఆసుతో పట్టేశాడు. మంత్రం గుర్తుంది కదా, ఆఠీనులు మూడూ లాగాడు, కళావరు ఆసూ రాజూ లాగాడు. టకటకా ఆరు ట్రిక్కులు. ముఖం వెలిగిపోయింది. అప్పుడు డైమను వేశాడు. కుడివైపు ఆటగాడు ఆసుతో పట్టి ఆఠీను జాకీ చూపించాడు, గెలిచింది. కళావరు రాణి చూపించాడు, అదీ గెలిచింది. ఆ రెండు ముక్కలకూ పట్టాభిషేకం చేసింది మనవాడే; పైనున్న పెద్దవాటిని తనే ఖాళీ చేసిపెట్టాడు. తర్వాత ఇస్పేటు వెళ్లింది. ఎడమవైపు నాలుగు ఇస్పేట్లు వరసగా దిగాయి. ఏడు ట్రిక్కులూ అటే. కావలసింది 9, వచ్చింది మొదట్లో లాగిన ఆ 6. డమ్మీలో డైమన్లు చివరిదాకా బిక్కమొహం వేసుకుని చూశాయి.

ఇప్పుడు అదే చేతిని, మొదటి ముక్క ముట్టుకోకముందు లెక్కేద్దాం. అడగకుండానే వచ్చేవి ఇస్పేటు 1, ఆఠీను 3, కళావరు 2, మొత్తం 6. ఇంకా 3 కావాలి. ఆఠీనులో ఇక లేవు. కళావరులో నాలుగోది గెలవాలంటే ఎదుటివాళ్ల ఆరు ముక్కలు 3-3గా పంచుకుని ఉండాలి, దానికి అవకాశం 36 శాతం. గెలిచినా ఒక్కటే వస్తుంది. డైమను సంగతి వేరు: ఒక్క ఆసును బయటికి రప్పిస్తే నాలుగు ట్రిక్కులు ఖాయం. కాబట్టి పని డైమనులో. దానికి చెల్లించాల్సిన ధర, ఒకసారి లీడ్ ఎదుటివాడికి ఇవ్వడం. ఇస్తే ఏమవుతుంది? ఇస్పేట్లు మీద పడతాయి. మరి ఇస్పేట్లు ఎవరి దగ్గర ఐదున్నాయో ఆ మనిషికి, ఆయన పార్ట్‌నర్‌కి మధ్య తీగ తెంపాలి.

అందుకే మొదటి ఇస్పేటు వదిలెయ్యాలి. రెండోదీ వదిలెయ్యాలి. మూడోసారి ఆసుతో పట్టాలి. ఎన్నిసార్లు వదలాలో గుర్తుండకపోతే ఒక చిట్కా ఉంది: ఆ రంగులో మన రెండు చేతుల ముక్కలు కలిపి 7లోంచి తీసెయ్యడమే. ఇక్కడ 5, కాబట్టి 2 సార్లు. కుడివైపు ఆటగాడి మూడు ఇస్పేట్లూ అయిపోయాయి. ఇప్పుడు డైమను. ఆయన ఆసుతో పడతాడు, తిరిగి వెయ్యడానికి ఇస్పేటు లేదు. ఆఠీను వేస్తాడా? ఆసు, రాజు, రాణి మన దగ్గర భద్రంగా ఉన్నాయి. కళావరు వేస్తాడా? అవీ ఉన్నాయి. ఆయన తెలివిగా డైమను ఆసును ఒకటి రెండు సార్లు దాచుకున్నా, డమ్మీకి వెళ్లడానికి ఆఠీను రాజు, కళావరు ఆసు తలుపులు తీసే ఉంచాయి. మొత్తం 10 ట్రిక్కులు. అదే చేయి, అవే ముక్కలు. తేడా నాలుగు ట్రిక్కులు.

డైమను ఆసు ఎడమవైపు ఆటగాడి దగ్గరే ఉంటే? డౌనే. అది ఖర్మ, ప్లాన్ తప్పు కాదు.

మరి ఇంత తప్పుడు మాట ఇక్కడ ఎలా పాతుకుపోయింది? నా అనుమానం బలూట్ మీద. సౌదీ సహోద్యోగులు ఇస్తిరాహాలో కింద కూర్చుని, ఖహ్వా, ఖర్జూరాలు పక్కన పెట్టుకుని ఆడే ఆట. మనవాళ్లు చాలామంది అక్కడే ముక్కలు పట్టడం నేర్చుకున్నారు. నలుగురు, రెండు జట్లు, 7 నుంచి ఆసు దాకా 32 ముక్కలు, మనిషికి 8. తురుపుతో ఆడితే హుకుం, మన హుకుమే! తురుపు లేకుండా ఆడితే సన్. సన్‌లో ఆసు తర్వాత పెద్దది పది, రాజు కాదు. లెక్క ట్రిక్కులది కాదు, ముక్కల విలువది: ఆసుకు 11, పదికి 10. ఎదుటివాడి పది మీద మీ ఆసు పడితే ఒక్క దెబ్బకు 21. ఎనిమిది ట్రిక్కుల్లో ముగిసిపోయే ఆటలో ఒక రంగును పండించుకునే తీరిక తక్కువ. అక్కడ ఆసు చేతిలో దురద పెట్టడం సహజమే, దాన్ని నేను తప్పుపట్టను. ఆ దురదను 13 ట్రిక్కుల ఆటలోకి, ఆసు దేని మీద పడినా ఒకే ట్రిక్కు విలువ చేసే ఆటలోకి మోసుకొస్తేనే చిక్కు.

ఇంకో చోట కూడా ఆ మంత్రానికి మార్కులు వెయ్యక తప్పదు. లెక్కేస్తే 9 తేలాయా? అయితే నిజంగానే లాగెయ్యండి. లీడ్ వదిలి, పదోదాని కోసం కక్కుర్తిపడి మునిగినవాళ్లనూ చూశాను. కాకపోతే అప్పుడు కూడా తక్కువ ముక్కలున్న చేతిలోని పెద్దవి ముందు ఆడండి. లేకపోతే గెలిచే ముక్కలు అవతలి చేతిలో ఇరుక్కుపోయి, ఉన్న తొమ్మిది ఎనిమిదవుతాయి.

ఇక చిల్లర నమ్మకాలు. 25 పాయింట్లుంటే 3 నో-ట్రంప్ వచ్చి తీరుతుందంటారు; అది బిడ్డింగ్‌కు కొలబద్ద, పైన 26తో మూడు డౌన్ చూశారు కదా. ఫినెస్ కనిపిస్తే ఆడాల్సిందేనట; అది బొమ్మా బొరుసూ, ఎదుటివాళ్ల ఐదు ముక్కలు 3-2గా ఉండే అవకాశం 68 శాతం, ఏది మేలో మీరే చూసుకోండి. ఆసును ఎప్పుడూ దాచుకోవాల్సిందేనన్నది కొత్తగా నేర్చుకున్నవాళ్ల జబ్బు. ఇంకో రంగు అంతకన్నా బోసిగా ఉంటే వెంటనే పట్టి పని చూసుకోవాలి. బ్రిడ్జి కూడా పేకాటే, అంతా అదృష్టమే అనే బంధువులకు, సికింద్రాబాద్ క్లబ్బొకదాని రమ్మీ కేసులో 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పండి. రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జి పంపకంలో ఉండేలాంటిదేనని, ఆట నైపుణ్యానిదేనని కోర్టు తేల్చింది. సౌదీలో ముక్క పట్టుకుంటేనే నేరమని భయపెట్టేవాళ్లకు 2018 ఏప్రిల్‌ను గుర్తుచెయ్యండి. రియాద్‌లో ప్రభుత్వ క్రీడా సంస్థే 10 లక్షల రియాళ్లకు పైగా బహుమతులతో బలూట్ పోటీ పెట్టింది. ఇక్కడ నిషేధం జూదం మీద. బల్ల మీద డబ్బు పెట్టకండి, సరదాకైనా సరే.

అన్నిటికన్నా నన్ను విసిగించేది, డమ్మీ దిగగానే టక్కున ముక్క వెయ్యకపోతే పరువు పోతుందన్న బిడియం. ఏం పోదు. ఇస్పేటు రాజు మీద ఆసు వేసేశాక ఎంత గొప్ప ప్లాన్ తట్టినా వృథాయే. ఈ గురువారం డమ్మీ దిగాక మీ ముక్కలు బల్ల మీద బోర్లా పెట్టండి. వచ్చేవి ఎన్ని, కావలసినవి ఎన్ని, ఎక్కడి నుంచి, మధ్యలో లీడ్ ఎవరికి పోతే ప్రమాదం, ఇవి చూసుకుని అప్పుడు ముక్క తీయండి. "ఏంటన్నా, నిద్రపోయావా" అంటే అననివ్వండి.