పాత కంప్యూటరుకు నెట్‌వర్కే ప్రాణాధారం

సింగపూరులోని లిటిల్ ఇండియాకు వారాంతపు సరుకులకై వచ్చే తెలుగు కుటుంబాలకు సెరంగూన్ రోడ్డు సుపరిచితమే. అక్కడినుండి నడిచి చేరగల దూరంలో, 1987లో ప్రారంభమైన సిమ్ లిమ్ స్క్వేర్ కంప్యూటరు అంగళ్ళకు పేరుపొందింది. సమీపంలోని సుంగై రోడ్డు పాత సామానుల సంత, 2017 జూలై 10న మూతపడేవరకు, వాడి వదిలిన యంత్రభాగాలకు ఆలవాలంగా ఉండేది.

ఆ కాలపు కంప్యూటర్లలో తరచుగా ముందు చెడేది హార్డ్ డిస్కు. తక్కిన భాగాలు సక్రమంగా ఉన్నా, డిస్కు లేనిదే యంత్రం ప్రారంభం కాదనుకొని పారవేస్తారు. నిజానికి, తీగ ద్వారా మరొక కంప్యూటరునుండి ఆపరేటింగ్ సిస్టమ్‌ను రప్పించి దానిని నడపవచ్చును. దీనినే నెట్‌వర్క్ బూటింగ్ అంటారు.

ఇది ఎలా జరుగుతుంది?

మీట నొక్కగానే మదర్‌బోర్డు మీది చిప్పులో శాశ్వతంగా ఉండే బయాస్ అనే చిన్న ప్రోగ్రాము మేల్కొంటుంది. ఇదే ఫర్మ్‌వేర్. నెట్‌వర్క్ కార్డు సహాయంతో అది "నా చిరునామా ఏది? నేను తెచ్చుకోవలసిన ఫైలు ఏది?" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. డి.హెచ్.సి.పి. సర్వరు ఈ రెండింటికీ సమాధానమిస్తుంది. పిదప టి.ఎఫ్.టి.పి. అనే పద్ధతిలో ఆ ఫైలు 512 బైట్ల ముక్కలుగా వస్తుంది. ఒక ముక్క అందినట్లు జవాబు వెళ్ళిన తరువాతనే రెండవది బయలుదేరుతుంది. కనుక ఇది నిదానమైన పద్ధతి. చిన్న ఫైళ్ళకే అనువైనది.

ఈ సంభాషణకు మూలమైన బూట్‌పి నియమాలు 1985లోను, డి.హెచ్.సి.పి. నియమాలు 1993లోను వెలువడ్డాయి. ఇంటెల్ సంస్థ పి.ఎక్స్.ఇ. ప్రమాణపు 2.1 రూపం 1999 నాటిది. అంతకు ముందరి ఇంటి కంప్యూటర్ల బయాస్‌లలో అధికభాగం ఫ్లాపీ, హార్డ్ డిస్కులను మాత్రమే ఎరుగును. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

బయాస్‌కు తెలియకపోతే?

బయాస్‌ను మార్చనక్కరలేదు. నెట్‌వర్క్‌తో మాట్లాడగల చిన్న ప్రోగ్రామును దానికి తెలిసిన దారిలోనే అందించాలి. మొదటి దారి కార్డు మీది ఖాళీ సాకెట్. బయాస్ ప్రారంభంలో మెమరీలోని కొన్ని స్థానాలను వెదకి, 55, ఎ.ఎ. అనే రెండు బైట్ల గుర్తు కనబడినచోట ఉన్న ప్రోగ్రామును నడుపుతుంది. ఆ సాకెట్‌లో అమర్చిన రోమ్ చిప్పు, అనగా చదువుటకు మాత్రమే వీలైన చిప్పు, ఇలాగే పలుకుతుంది.

రెండవ దారి ఇంకా సులువు. 1990 దశకంలో మొదలైన ఈథర్‌బూట్ ప్రయత్నానికి వారసురాలిగా 2010లో వచ్చిన ఐ.పి.ఎక్స్.ఇ. అనే ఉచిత ప్రోగ్రాము 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పడుతుంది. సి.డి.నుండి కూడ నడుస్తుంది. కార్డుకు తగిన డ్రైవరు అందులో ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి. గోరంత దీపం కొండంత వెలుగన్నట్లు, ఈ చిన్న ప్రోగ్రాము మేల్కొన్న తరువాత పెద్ద ఫైళ్ళను హెచ్.టి.టి.పి. ద్వారా వేగంగా తెచ్చుకొనగలదు.

రెండు జాగ్రత్తలు

ఇంటి రౌటరు అప్పటికే చిరునామాలు పంచుతూ ఉంటుంది. మరొక డి.హెచ్.సి.పి. సర్వరును నిలిపితే ఇద్దరి జవాబులు కలగాపులగమై, ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ ఆగిపోవచ్చును. అందుచేత డి.ఎన్.ఎస్. మాస్క్ వంటి ప్రోగ్రామును ప్రాక్సీ పద్ధతిలో నడపాలి. అప్పుడు చిరునామాను రౌటరు ఇస్తుంది; ఫైలు పేరును మాత్రమే సర్వరు చెబుతుంది.

రెండవది, పాత పి.ఎక్స్.ఇ. ఉన్న యంత్రం ఐ.పి.ఎక్స్.ఇ.ని తెచ్చుకున్నప్పటి చిక్కు. అది మేల్కొని మరల అదే ప్రశ్న అడుగుతుంది. సర్వరు మరల అదే ఫైలిస్తే గానుగెద్దు తిరుగుడే. అడిగినది ఐ.పి.ఎక్స్.ఇ. అని గుర్తించినపుడు తరువాతి ఫైలు పేరు చెప్పేలా సర్వరును అమర్చాలి.

ఎంతవరకు ప్రయోజనం?

పాత ప్రాసెసరుకు, కొద్ది మెమరీకి నేటి భారీ ప్రోగ్రాములు మోయరాని బరువు. ఫ్రీడాస్ వంటి తేలిక వ్యవస్థలు సరిపోతాయి. టి.ఎఫ్.టి.పి.లో సంకేతపదం లేదు గనుక దీనిని ఇంటి నెట్‌వర్క్ దాటనీయరాదు. అసలు పనికిరాని యంత్రాల కోసం సింగపూరులో 2021 జూలై 1నుండి ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ విధానం అమలులోకి వచ్చింది. కాని పారవేసేముందు, ఒక ఫ్లాపీతో పిల్లల ఎదుట ఈ ప్రయత్నం చేయుట మంచిది. మీట నొక్కినది మొదలు తెరపై అక్షరం వెలిగేవరకు లోపల జరిగేదేమిటో వారు అంచెలంచెలుగా చూడగలరు. క్షణాలలో తెరచుకొనే నేటి యంత్రాలలో ఆ అంచెలు కంటికి కనబడవు.