పొగరాని మంట – బట్టీలకు అమ్మోనియా

అమ్మోనియా అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేవి రెండే: కెమిస్ట్రీ లేబొరేటరీలో ముక్కు బద్దలయ్యే ఆ ఘాటు, చేలో చల్లే యూరియా. అదే అమ్మోనియాను మండించి ఇటుకలు, నేలపలకలు, పింగాణీ సామాను కాల్చవచ్చునంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. కాని ఇది నేడు పరిశోధకులు గట్టిగా పట్టుకున్న విషయం.

మాది కె.గంగవరం. మా మండలంలోని కోటిపల్లి రేవు నుంచి గౌతమి వెంట దిగువకు పోతే యానాం వస్తుంది. అక్కడ 1980 దశకంలో వెలసిన రీజెన్సీ సెరామిక్స్, 2012 జనవరి ఘర్షణలతో మూతబడేదాకా, సహజవాయువుతో పలకలు కాల్చింది. ఇంకొంచెం పైకిపోతే కాకినాడ. అక్కడ 1992 నుంచి నాగార్జున ఫెర్టిలైజర్స్ అదే గ్యాసుతో అమ్మోనియా, దాంతో యూరియా తయారు చేసింది. మట్టి, గ్యాసు, అమ్మోనియా – మూడింటి చరిత్రా ఈ కాస్త మేరలోనే ఉంది. కనుక ఈ ముచ్చట మనకు పరాయిది కాదు.

మట్టి రాయి కావాలంటే వేడి కావాలి. ఇటుకకు సుమారు 900 నుంచి 1000 డిగ్రీలు, గట్టి నేలపలకకు 1200 డిగ్రీలదాకా. ఆ వేడిని బొగ్గు, గ్యాసు ఇస్తాయి. వాటితోపాటు కార్బన్ డయాక్సైడూ వస్తుంది. అమ్మోనియా అణువులో ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్ పరమాణువులు తప్ప కార్బన్ అనేదే లేదు. అది సరిగా మండితే మిగిలేవి నైట్రోజన్, నీటి ఆవిరి మాత్రమే. పైగా మైనస్ 33 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది గనుక, హైడ్రోజన్‌తో పోలిస్తే నిలవ చేయడం, ఓడల్లో పంపడం సులువు.

మరి చిక్కెక్కడ? మొదటిది, అది మొండి ఇంధనం. గ్యాసు మంట సెకనుకు సుమారు 38 సెంటీమీటర్ల వేగంతో పాకితే, అమ్మోనియా మంట 7 సెంటీమీటర్లే పాకుతుంది. అంటుకోవడానికి 650 డిగ్రీలు కావాలి. కిలోకు ఇచ్చే వేడి 18.6 మెగాజౌళ్లు, గ్యాసు ఇచ్చేది 50. అందుచేత ముందు గ్యాసుతో బట్టీని వేడెక్కించడమో, అమ్మోనియాలో కొంత భాగాన్ని హైడ్రోజన్‌గా విడగొట్టి కలపడమో చేస్తారు. బట్టీ ఒకసారి ఎర్రబడిందా, ఆ మొండితనం చాలావరకు పోతుంది.

రెండవ చిక్కు నైట్రోజన్ ఆక్సైడులు. మంట అదుపు తప్పితే నైట్రస్ ఆక్సైడ్ కూడా రావచ్చు. అది కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. దీనికి విరుగుడు గాలిని విడతలుగా అందించడం. 850 నుంచి 1100 డిగ్రీల మధ్య కొద్దిపాటి అమ్మోనియాను మళ్లీ చల్లితే, అదే నైట్రిక్ ఆక్సైడును నైట్రోజన్‌గా మారుస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయడమన్నమాట!

ఇవి వట్టి కాగితం మీది మాటలు కావు. చైనాలో పలకల పరిశ్రమకు పేరుపడ్డ ఫోషాన్‌లో 2022 చివర అమ్మోనియా మంటతో పలకలు కాల్చి చూపించారు.

ఇక్కడే మనం ఆగి ఒక లెక్క వేయాలి. గ్యాసుతో టన్ను అమ్మోనియా చేస్తే దాదాపు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడు పుడుతుంది. ఆ టన్ను అమ్మోనియా ఇచ్చే వేడినే నేరుగా గ్యాసును మండించి పొందితే వచ్చేది సుమారు 1 టన్ను! అంటే బట్టీ పొగగొట్టం శుభ్రంగా కనిపిస్తుంది, మసి మాత్రం ఎరువుల ఫ్యాక్టరీ గొట్టంలోకి మారుతుంది. పైగా దాదాపు రెట్టింపవుతుంది. ఊరు మారినంత మాత్రాన పాపం పోతుందా?

కాబట్టి అసలు ప్రశ్న "ఏం మండుతోంది?" అన్నది కాదు, "అది ఎలా పుట్టింది?" అన్నది. ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి చేసిన అమ్మోనియా అయితేనే ఫలితం. అటువంటి కర్మాగారాన్ని కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టడానికి ఏఎం గ్రీన్ సంస్థ 2024లో నిర్ణయం ప్రకటించింది. అయితే అలా టన్ను చేయడానికి సుమారు 10 వేల యూనిట్ల కరెంటు కావాలి. మండిస్తే తిరిగొచ్చే వేడి 5,200 యూనిట్ల పాటిదే. కరెంటుతోనే నేరుగా కాల్చగల బట్టీ ఉన్నచోట ఈ చుట్టుతిరుగుడు దండగ.

రైతు మాటా మరువరాదు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 26 కిలోల అమ్మోనియా ఇమిడి ఉంది. మూడు కిలోల ఇటుకకు 6 మెగాజౌళ్లు చొప్పున వేసుకుంటే, ఆ అమ్మోనియా 80 ఇటుకలు కాలుస్తుంది. ఒక బస్తా యూరియా ఎక్కువో, 80 ఇటుకలు ఎక్కువో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఎరువుకు చాలని అమ్మోనియాను మంటకు మళ్లించడం న్యాయం కాదు.

ఊకతో కాల్చే మన ఇటుక బట్టీలకు ఇది అక్కరలేదని నా అభిప్రాయం. ఊకలోని కార్బన్ నిన్నటి పంట గాలిలోంచి తీసుకున్నదే. అక్కడ కావలసింది పొగ తగ్గించే మంచి బట్టీ. పైగా అమ్మోనియా విషవాయువు. గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లుంటే ప్రాణాపాయం. 2014లో నగరం గ్యాసు పైపులైను ప్రమాదం చూసిన కోనసీమకు ఈ జాగ్రత్త వేరే చెప్పనక్కరలేదు. రేవుకు దగ్గరగా ఉండి, శిక్షణ పొందిన సిబ్బందితో రాత్రింబవళ్లు నడిచే పెద్ద పలకల ఫ్యాక్టరీలకు మాత్రం, కరెంటు బట్టీ కుదరనిచోట, ఇది పనికిరాగలదు.

మన విద్యార్థి మిత్రులు రేపు ఇంజనీర్లు, కెమిస్టులై ఇటువంటి పథకాల కాగితాలు చేతపట్టినప్పుడు, పొగగొట్టం ఒక్కటే చూడకుండా సరుకు పుట్టుక దాకా లెక్క అడగాలని నా కోరిక.